చేతులు మరిచిన పని

కొడుకును స్నానాల గదిలోకి ఎత్తుకెళుతుండగా ముక్తేశ్వరరావు నడుములో ఏదో కలుక్కుమంది. కాళ్లు రెండూ తనవి కానట్టయ్యాయి. వీపును గోడకు ఆనించి, కొడుకును గుండెకు అదిమి పట్టుకుని, మెల్లగా జారుతూ నేల మీద కూలబడ్డాడు. భీముకి దెబ్బ తగల్లేదు. తండ్రి ఒళ్లో పడి, తండ్రి ముఖంలోకే చూస్తున్నాడు. వంటింట్లోంచి మాణిక్యం పరుగెత్తుకొచ్చింది. తండ్రీకొడుకులు లేవలేక, ఆమె లేపలేక, పక్కింటివాళ్లు వచ్చేదాకా ముగ్గురూ ఆ తడి నేల మీదే ఉండిపోయారు.

భీమేశ్వర్‌కి ఇరవై దాటాయి. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యంగా అందడంతో వాడి ఒళ్లు వాడి మాట వినదు. మాట కూడా రాలేదు. కానీ అన్నీ తెలుసు. రెప్పలు గట్టిగా మూస్తే అవునని, చూపు పక్కకు తిప్పుకుంటే కాదని అర్థం. ఇంకో ముద్ద పెట్టనా, ఫ్యాను తగ్గించనా, టీవీ మార్చనా అని అడిగితే రెప్పలతోనే జవాబు చెబుతాడు. చిన్నప్పుడు చంకన వేసుకుని తిప్పిన పిల్లాడు ఇప్పుడు తండ్రంత పొడుగయ్యాడు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి, మళ్లీ మంచం మీదికి వాణ్ణి ఎత్తేది ముక్తేశ్వరరావు ఒక్కడే. కడుపులో ఆపరేషను జరిగాక మాణిక్యాన్ని బరువులు ఎత్తవద్దన్నారు.

ఎముకలకేం ఫరవాలేదు, కండరాలే బలహీనపడ్డాయి, యాభై దాటిన ఒంటికి వ్యాయామం లేకపోతే ఇంతే అన్నాడు డాక్టరు. సంగతి తెలిసి మాణిక్యం తమ్ముడు ఫోన్ చేశాడు. ఇలాంటి పిల్లల్ని చూసుకునే హోం ఒకటి ఉందని, శుభ్రంగా ఉంటుందని, వారం వారం వెళ్లి చూసి రావచ్చని చెప్పాడు. కోపంగా కాదు, ప్రేమగానే చెప్పాడు. ముక్తేశ్వరరావుకు భయం వేసింది అందుకే. కోపంతో అన్న మాటయితే తోసెయ్యొచ్చు. భార్య ఏమంటుందోనని చూశాడు. ఆమె ఫోను బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది.

ఆ వారమే ఆయన జిమ్ములో చేరాడు.

కాకినాడలో భానుగుడి జంక్షనుకు కొంచెం ఇవతల, ఒక మందుల షాపు మీద రెండో అంతస్తులో ఉంది ఆ జిమ్ము. విద్యుత్తు ఆఫీసులో బిల్లుల కౌంటరు కట్టేసి, నుదుట విభూతితో, ఆఫీసు ప్యాంటుతోనే మెట్లెక్కి వచ్చాడు. చుట్టూ అద్దాలు. అద్దాల నిండా కుర్రాళ్లు. తన బొజ్జ నాలుగు వైపుల నుంచి కనబడేసరికి ఎటు చూడాలో తోచలేదు. ఆయనకు కేటాయించిన కోచ్ దుర్గారావు ఒకప్పుడు కబడ్డీ ఆడినవాడు. మనిషి గట్టిగా ఉన్నా మాట మెత్తన.

"ఆయ్, రండి బాబాయ్‌గారూ. ప్యాంటు చిరిగితే పిన్నిగారు నన్ను తిడతారు. రేపట్నించి వదులు బట్టలు తెచ్చుకోండి" అన్నాడు. గుడ్లు తినాలన్నాడు. తినను, కావాలంటే ఉలవలు తింటానన్నాడు ముక్తేశ్వరరావు. "గుర్రాలు తినేవే కదండీ. గుర్రానికేం తక్కువ" అని దుర్గారావు ఒప్పేసుకున్నాడు.

తరవాత నేల మీద ఒక తువ్వాలు పడేసి తియ్యమన్నాడు. ఆయన నడుము వంచి తీశాడు. మళ్లీ పడేశాడు, మళ్లీ తీశాడు. ఎన్నిసార్లు తీసినా వంగే తీరు అదే. తప్పంతా అక్కడే ఉందన్నాడు దుర్గారావు. ఇన్నేళ్లుగా ఒళ్లు ఆ తప్పుదారికే అలవాటు పడింది, ఆ దారి చెరపకుండా ఎంత బరువు ఎత్తించినా మళ్లీ అదే నడుం విరుగుతుందట. బీరువాలోంచి వెడల్పాటి పట్టీ ఒకటి తీసి, మెడ వెనక మొదలుపెట్టి వెన్ను మీదుగా నడుము దాకా అతికించాడు. కంపెనీవాళ్లు దానికి పెద్ద పేరేదో పెట్టారు. జిమ్ముకు వచ్చేవాళ్లు మాత్రం మరుపు పట్టీ అనేవారు.

పట్టీ నెమ్మదిగా వేడెక్కింది. పాత పద్ధతిలోనే నాలుగైదు సార్లు వంగమన్నాడు దుర్గారావు. ఆ తరవాతిసారి ముక్తేశ్వరరావు ఒళ్లు మధ్యలో ఆగిపోయింది. కొత్త ఇంట్లో చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముతున్నట్టుగా ఉంది. ఎలా వంగాలో తెలియలేదు. అప్పుడు దుర్గారావు ఆయన భుజాలు పట్టుకుని, తుంటి వెనక్కి జరిపించి, ఛాతీ ఎత్తించి, కొత్తగా వంగడం నేర్పాడు. పసిపిల్లవాడు నేర్చుకున్నట్టు ఒళ్లు ఆ పని వెంటనే పట్టేసింది. నొప్పి లేదు. ముక్తేశ్వరరావు కళ్లు చెమర్చాయి. భీమును ఇక హోముకు పంపక్కర్లేదనిపించింది.

పట్టీ వెచ్చగా ఉన్నంతసేపు ఒళ్లు ఏ పని చేసినా ఆ పని తాలూకు దారి కొంచెం కొంచెంగా చెరుగుతూ వస్తుందని, పాత అలవాటు పూర్తిగా పోవాలంటే రోజూ జిమ్ము అయ్యాక పడుకునేదాకా పట్టీ తీయకూడదని చెప్పాడు దుర్గారావు. మరి స్కూటరు నడపడం మరిచిపోతే ఎలాగని కంగారుపడ్డాడు ముక్తేశ్వరరావు.

"అందుకే కదండీ అడుగుతున్నాను. పోకూడనివన్నీ ఒక్కోటీ చేసి చూపించండి. వాటికి తాళం వేసేస్తాను, ఇక చెరగవు. ఇప్పుడు నేర్చుకున్న వంగడానికి ఇందాకే వేసేశాను."

చేతులు గాలిలో పెట్టి స్కూటరు నడిపి చూపించాడు. సంతకం పెట్టాడు. అన్నం కలిపాడు, గడ్డం గీసుకున్నాడు, మెట్లు ఎక్కాడు. దుర్గారావు చేతిలోని యంత్రం, తాళం పడినట్టు, ప్రతిసారీ చిన్నగా మోగింది. ఇంట్లో చేసే పనులు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు.

ముక్తేశ్వరరావు ఇంట్లో తండ్రి కాలం నుంచీ ఒక నియమం ఉంది. చేసిన సేవ నోటితో చెప్పుకోకూడదు. చెప్పుకుంటే అమ్ముకున్నట్టే. భీమును ఎత్తడం ఆయన దృష్టిలో సేవ. ఆఫీసులో పక్క కౌంటరు మనిషికి కూడా ఆ సంగతి తెలియదు. ఇక పూజ మాట వేరే చెప్పాలా. దేవుణ్ణి తీసుకెళ్లి గడ్డం గీసుకోవడం పక్కన నిలబెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

"ఇంకేం లేవు బాబూ" అన్నాడు.

నెల తిరిగేసరికి బొజ్జ తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. రోడ్డు మీద తెలిసినవాళ్లు ఆగి, ఏం తింటున్నారని అడుగుతున్నారు. మాణిక్యం కూడా, ఈ వయసులో ఇదేం సోకండీ అని ఎగతాళి చేస్తూనే ఉలవలు నానబెడుతోంది. సాయంత్రం జిమ్ము నుంచి వచ్చి, తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని, దీపం పెట్టి, పూజ చేసుకుని, భీముకి అన్నం తినిపించి మంచం మీదికి చేర్చడం ఎప్పటిలాగే జరిగిపోతోంది. చొక్కా కింద పట్టీ వెచ్చగా ఉంటోంది.

ముందు హారతి దగ్గర తేడా వచ్చింది. కర్పూరం వెలిగించి పళ్లెం పట్టుకుంటే చెయ్యి ఎడమకు తిరిగింది. సరిచేసుకున్నాడు. మరో రోజు వేళ్ల కణుపుల మీద జపం లెక్క పెడుతుంటే బొటనవేలు దారి తప్పింది. ఇంకో రోజు సాష్టాంగ నమస్కారానికి వంగి, ముందు మోకాలు ఆనించాలో చేతులు చాచాలో తెలియక, సగంలో అలా ఉండిపోయాడు. మంత్రం మనసులో ఉంది. అర్థం కూడా తెలుసు. చేతులకే తెలియడం లేదు.

ఈ సంగతి ఆయన మాణిక్యానికి చెప్పలేదు. ఈ మధ్య జిమ్ములో అద్దం వంక చూసుకోవడం నేర్చుకున్నాడు. భుజాలు చూసుకుని మురిశాడు. ఒంటి మీద మమకారం పెరిగిందని స్వామి చెయ్యి వదిలేశాడేమోనని దిగులు పట్టుకుంది. పరిహారంగా సాయంత్రం నమస్కారాలు పెంచాడు. తులసికోట చుట్టూ ప్రదక్షిణలు పెంచాడు. జపం రెట్టింపు చేశాడు. ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువగా తప్పుతున్నాయి. ఎంత తప్పితే అంత భయంతో ఇంకా చేస్తున్నాడు. వెన్ను మీద పట్టీ కాలుతున్నట్టు వెచ్చగా ఉంది. ఆ భయంలో దాని ఊసే ఆయనకు తట్టలేదు.

భీమును ఎత్తేటప్పుడు కూడా పట్టు కుదరడం లేదని అప్పుడప్పుడు అనిపించేది. చెమట వల్ల అనుకున్నాడు. బలం ఉంది కదా, చేతులు ఎలా పడితేనేం అనుకున్నాడు. వాడు మాత్రం మంచం మీద పడుకున్నాక కూడా తండ్రి చేతుల వంక చూస్తూ ఉండేవాడు.

ఒక రోజు దుర్గారావు ఆయన చేత ఇనుము ఎత్తించాడు. సరిగ్గా భీమంత బరువని ఆయన లోలోపల లెక్కేసుకున్నాడు. నేల మీంచి గుండె దాకా, నడుము చెదరకుండా వచ్చింది. చుట్టూ ఉన్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ముక్తేశ్వరరావు ఇంటికి వస్తూ దారిలో భీముకి ఇష్టమైన కోవా కొన్నాడు. అన్నాలయ్యాక కుర్చీ దగ్గర నిలబడి, తుంటి వెనక్కి జరిపి, ఛాతీ ఎత్తి, కొడుకు నడుము కింద చేతులు వేసి ఒక్క లాగు లాగాడు. వాడు తేలిగ్గా లేచాడు.

భీము తల వెనక్కి వాలిపోయింది.

ఇరవై ఏళ్లుగా అన్నిటికన్నా ముందు ఆ తల వెనక్కి వెళ్లే చెయ్యి ఆ రోజు వెళ్లలేదు. వాడి గొంతులోంచి ఎప్పుడూ వినని శబ్దం వచ్చింది. ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుంది. మాణిక్యం గబుక్కున వచ్చి తలను రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎలాగో మంచం మీద దింపారు.

"ఏంటండీ అలా పట్టుకున్నారు?"

"ఎలా పట్టుకున్నాను?"

"బస్తా ఎత్తినట్టు."

ఆయన మళ్లీ వంగి చేతులు చాచాడు. చాచిన చేతులకు తరవాత ఏం చేయాలో తెలియలేదు. వేలసార్లు చేసిన పని. నిద్రలో ప్రయాణించిన రోడ్డులా, వెళ్లినట్టు తెలుసుగానీ ఒక్క మలుపూ గుర్తుకు రావడం లేదు. భీము ఆ చేతుల్ని చూశాడు. తరవాత ముఖం చూశాడు. ఇది నాన్నేనా అని చూసుకుంటున్నట్టు మళ్లీ చేతుల వంక చూశాడు. అప్పుడు ముక్తేశ్వరరావుకు వీపు మీది వేడి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే, జిమ్ము తలుపులు తెరుస్తుండగానే వెళ్లి దుర్గారావుకు అంతా చెప్పాడు. కొడుకు గురించి బయటివాళ్లతో నోరు విప్పడం అదే మొదలు. దుర్గారావు ముఖంలో రంగు పోయింది.

"అడిగాను కదండీ, ఇంట్లో ఏం చేస్తారని."

"చేసిన సేవ చెప్పుకోకూడదంటారు బాబూ, మా ఇంట్లో."

"నేను చెప్పుకోమన్లేదు బాబాయ్‌గారూ. తాళం వెయ్యడానికి అడిగాను."

దుర్గారావు పక్కకు వెళ్లి కంపెనీకి ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడి వచ్చాడు. చెరిగింది తిరిగి రాదన్నారట. తాళం వెయ్యనివాటికి తమ పూచీ లేదన్నారట. పైపెచ్చు ఇంత శుభ్రంగా చెరిగిందంటే పట్టీ బాగా పనిచేసినట్టేనని మెచ్చుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు దుర్గారావు ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. తన చేతులతోనే పట్టీ ఊడదీసి బీరువాలో పడేశాడు. మళ్లీ నేర్చుకోవచ్చునని, కాకపోతే తెలియనివాడు నేర్చుకున్నట్టే నేర్చుకోవాలని చెప్పాడు.

ఆ సాయంత్రం అతనే ఇంటికి వచ్చాడు. మాణిక్యం ఇచ్చిన కాఫీ చేతిలో పట్టుకుని, తాగడం మరిచి భీము వంక చూస్తూ కూర్చున్నాడు. తరవాత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఏం తమ్ముడూ, నేనేరా మీ నాన్నను పాడు చేసింది అన్నాడు. భీము అతణ్ణి తేరిపార చూశాడు. ఆసుపత్రుల్లో రోగుల్ని ఎత్తే పద్ధతి దుర్గారావుకు తెలుసు. అదే తలగడ మీద చేసి చూపించాడు. ముక్తేశ్వరరావు నేర్చుకున్నాడు. కానీ చేతులు దగ్గరకు వస్తేనే భీము ఒళ్లు బిగుసుకుపోతోంది. చూపు పక్కకు తిప్పేసుకుంటున్నాడు. ఒకసారి తల పడిపోయింది కదా, మళ్లీ పడిపోదని వాడికి ఎవరు చెప్పగలరు.

వాణ్ణి మంచం మీంచి కదపడం ఆగిపోయింది. స్నానం లేదు. తడి గుడ్డతో ఒళ్లు తుడుస్తున్నారు. వీపు మీద చర్మం ఎర్రబడుతోంది. ఎప్పుడు పుండు పడుతుందోనని మాణిక్యం గంట గంటకూ చొక్కా ఎత్తి చూస్తోంది. మళ్లీ తమ్ముడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఆమె వెంటనే పెట్టెయ్యలేదు. ఆ హోములో ఎత్తేవాళ్లు ఎంతమంది ఉంటారని మెల్లగా అడిగింది. గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్న విన్న ముక్తేశ్వరరావు చెప్పులు వేసుకుని బయటికి పోయి, వీధి చివర దాకా నడిచి, ఎక్కడికీ వెళ్లలేక తిరిగి వచ్చాడు. కావలసినంత బలం ఉంది. దాన్ని పెట్టుకుని ఏం చేయాలో తెలియడం లేదు.

ఫోన్ పెట్టేశాక మాణిక్యం వచ్చి ఆయన ముందు నిలబడింది. ఇన్నేళ్లూ రోజూ చూసింది నేనే కదా, మీ చేతులు ఎక్కడెక్కడ ఉండేవో నేను చెబుతాను అంది.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టారు. దుర్గారావు కూడా వచ్చి మంచానికి అవతలి వైపు నిలబడ్డాడు, తల జారితే పట్టుకోవడానికి. మాణిక్యం తన చేతులతో భర్త చేతులు పట్టుకుని ఒక్కోటీ పెట్టింది. ఎడమ చెయ్యి తల వెనక. ఒక మోకాలు మంచం అంచు మీద. కుడి చెయ్యి మోకాళ్ల కింద. ఎడమ మోచెయ్యి వాడి భుజం కింద, పక్కటెముకలకు ఆనించి. ఆమె కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటోంది, మళ్లీ తెరిచి సరిచేస్తోంది. చివరికి వెనక్కి జరిగి చూసి, ఇదే, ఇలాగే ఉండేవారు అంది.

ముక్తేశ్వరరావు ఎత్తబోయి ఆగాడు. మునుపైతే చేతులే ఎత్తేసేవి. ఇప్పుడు ఆ చేతుల మీద ఆయనకు నమ్మకం లేదు.

"ఇలాగేనా నాన్నా ఎప్పుడూ ఎత్తింది?"

భీము రెప్పలు గట్టిగా మూశాడు. అవును. మాణిక్యం పెద్దగా ఊపిరి వదిలింది.

"అయితే ఎత్తనా?"

భీము చూపు పక్కకు తిప్పుకున్నాడు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అదేంట్రా, ఇలాగేనన్నావు కదా అంది మాణిక్యం. వాడు చూపు ఇటు తిప్పలేదు. ముక్తేశ్వరరావు చేతులు కదపకుండా అలాగే ఉంచి, తల దగ్గర బాగుందా అని అడిగాడు. అవును. కాళ్ల దగ్గర? అవును. ఇంక మిగిలింది మోచెయ్యి.

"ఇక్కడ గుచ్చుకుంటోందా?"

అవును.

ఆయన మోచెయ్యి తియ్యబోయి, ఇంకో ప్రశ్న గొంతులోకి వచ్చి ఆగాడు. అడగకపోతే బాగుండుననిపించింది. అడిగాడు.

"ఇప్పుడే కాదు, మొదట్నించీనా?"

భీము ఆయన వంక చూశాడు. తరవాత రెప్పలు మూశాడు. వెంటనే తెరవలేదు.

దుర్గారావు తల వంచుకుని కిటికీ వైపు తిరిగాడు. మాణిక్యం పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్తేశ్వరరావు కొడుకు పక్కటెముకల మీద తన మోచెయ్యి ఆనిన చోటు చూస్తున్నాడు. రోజుకు ఎన్నోసార్లు, ఇన్నేళ్లు. ఎవరికీ చెప్పుకోకుండా, ఎంతో శ్రద్ధగా చేసిన పని. ఫ్యాను తగ్గించనా అని అడిగాడు, ఇంకో ముద్ద పెట్టనా అని అడిగాడు. ఎత్తడం గురించి మాత్రం అడగాలని తోచలేదు. చేతులకు వచ్చిన పని కదా. ఎదుటి గదిలో పటాల ముందు దీపం వెలుగుతోంది. అక్కడా రోజూ అవే చేతులు, అదే కర్పూరం. అక్కడ ఉన్న స్వామి రెప్పలు మూసి చెప్పడు కదా అనుకున్నాడు. ఆ ఆలోచన తప్పో ఒప్పో ఆయనకు తెలియలేదు.

మోచెయ్యి మెల్లగా పక్కటెముకల మీంచి తీసి, వీపు కిందికి జరిపాడు. ఇక్కడ? కాదు. ఇంకొంచెం వెనక్కి. ఇక్కడ? అవును. ఎత్తనా అని మళ్లీ అడిగాడు. జవాబు వచ్చేదాకా వాడి కళ్ల మీంచి చూపు తియ్యలేదు. రెప్పలు మూతపడ్డాయి. ఎత్తాడు. దుర్గారావు చేతులు తల కింద సిద్ధంగానే ఉన్నాయిగాని, అవసరం పడలేదు. భీము ఒళ్లు పూర్తిగా వదులు కాలేదు. అలాగని బిగుసుకోనూ లేదు. ముక్తేశ్వరరావు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు.

మాణిక్యం స్నానానికి నీళ్లు తోడతానని లేచింది. ఆగమన్నట్టు ఆయన చెయ్యి చూపించాడు. పీట లాక్కుని, కొడుకు ముఖానికి ఎదురుగా కూర్చున్నాడు.

"భీమూ, ఇలాంటివి ఇంకా ఉన్నాయా? మేం చేసేవాటిల్లో నీకు నొప్పి పెట్టేవి?"

వాడు తల్లి వంక చూశాడు, తండ్రి వంక చూశాడు. రెప్పలు గట్టిగా మూశాడు.

ముక్తేశ్వరరావు పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. నీళ్ల వేడి దగ్గర మొదలుపెట్టి, ఒక్కోటీ అడగసాగాడు.